ఊర్మిళ నిద్ర, లక్ష్మణుని నవ్వు: రెండు పాటలలో మనోవ్యథ

తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకొన్న రామాయణపు పాటలలో రెండింటిని ఎప్పుడూ జంటగా చదవాలని మా అభిప్రాయం. ఒకటి ‘ఊర్మిళాదేవి నిద్ర’, రెండవది ‘లక్ష్మణదేవర నవ్వు’. రెండూ వాల్మీకంలో లేనివే. రెండింటికీ మూలవస్తువు ఒక్కటే, పదునాలుగేండ్ల నిద్ర. భార్య ఆ కాలమంతా నిద్రపోయింది. భర్త ఆ కాలమంతా కన్ను మూయలేదు. ఈ కల్పనను పతిభక్తికి, సోదరభక్తికి దృష్టాంతంగా చెప్పుకోవడం మన ప్రవచనాలలో పరిపాటి అయింది. ఆ పాఠం తప్పని మేము అనము. అది చాలదని మాత్రం అంటాము. ఒకే ఇంటిలో, ఒకే దుఃఖం తగిలిన స్త్రీపురుషులు ఆ దుఃఖాన్ని ఎంత వేర్వేరుగా మోస్తారో ఈ పాటలు కట్టిన స్త్రీలకు తెలుసు. కువైట్‌లో కాపురముండే తెలుగువారికి ఇది పాత ముచ్చటగా తోచదు.

ముందు నవ్వు సంగతి. పట్టాభిషిక్తుడైన రాముడు నిండు కొలువు తీరి ఉన్నాడు. లక్ష్మణుడు ఉన్నట్టుండి పకపక నవ్వాడు. వనవాసానికి బయలుదేరిన నాడు తన వద్దకు వచ్చిన నిద్రాదేవిని, అయోధ్యకు తిరిగి వచ్చేదాకా రావద్దని అతడు వేడుకొన్నాడు. ఆమె మాట తప్పక నిండు సభలో వచ్చి నిలిచింది. అందుకు వచ్చిన నవ్వు అది. కాని సభలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. అన్నను చంపించినందుకు తన్ను చూసి నవ్వాడని సుగ్రీవుడు తల వంచాడు. అన్న గుట్టు పగవానికి చెప్పినందుకని విభీషణుడు కుమిలాడు. ఇంద్రజిత్తుకు కట్టుబడినందుకని హనుమంతుడు, లంకలో ఉండి వచ్చినందుకని సీత, ఇలా ఒక్కొక్కరు తమ లోపలి ముల్లును తామే తడుముకొన్నారు. పట్టాభిషేకపు సభ నిండా మనుషులు, ఒక్కొక్కరి గుండెలో ఒక్కొక్క దిగులు, పైకి మాత్రం పండుగ! ఒక్క నవ్వుతో సభ యావత్తు అంతరంగాన్ని బయటపెట్టిన ఈ శిల్పానికి సమమైన ఘట్టం మన లిఖిత సాహిత్యంలో వెంటనే స్ఫురించదు.

మాకు ఇక్కడ ముఖ్యమని తోచేది మరొకటి. అన్ని ఏండ్లు నిద్రలేని మగవాడు తన అలసటను చెప్పుకోలేదు. అతని నోట వచ్చినది నవ్వు. ఆ నవ్వును ఎవరూ అలసటగా గుర్తించలేదు సరికదా, తమకు అవమానంగా ఎంచారు. రాముడంతటివాడు కత్తి దూశాడు. అప్పుడుగాని లక్ష్మణుడు అసలు సంగతి విప్పలేదు. మగవారి కుంగుబాటు చిరాకుగానో, అపహాస్యంగానో, తాగుడుగానో, విరామం లేని పనిగానో బయటపడుతుందని, చుట్టూ ఉన్నవారు దానికి కోపగించుకొంటారే తప్ప జాలిపడరని నేటి వైద్యులు చెబుతున్నారు. పాట ఆ మాటను సభారంగంగా మలచింది. అంతటితో ఆగలేదు. పశ్చాత్తాపపడిన రాముడు వసిష్ఠుని అడిగి, ఆయన చెప్పిన ప్రకారం నిద్రించే తమ్ముని పాదాలు ఒత్తాడు. పట్టాభిషిక్తుడైన అన్న తమ్ముని కాళ్లు పిసకడం! పెద్దలు పిన్నలకు చేయగల ఉపచారంలో ఇంతకన్న సాహసమైనది మేము ఎరుగము. దీనిని కట్టిన అవ్వలకు శాస్త్రమర్యాద కన్న ఇంటిలోని మనిషి ఆరోగ్యమే ముఖ్యమైంది.

ఇక నిద్ర. భర్త వెళ్లిన నాటినుంచి ఊర్మిళ పడక దిగలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ ‘కావ్యేర్ ఉపేక్షిత’ అన్న వ్యాసంలో ఊర్మిళను కవులు ఉపేక్షించారని వాపోయాడు. మైథిలీశరణ్ గుప్త్ హిందీలో ‘సాకేత్’ రచించి ఆ లోటు తీర్చబూనాడు. ఆ వ్యాసాన్ని గాని ఆ కావ్యాన్ని గాని చూడని తెలుగు ఆడవారు రోకటి వద్ద, తిరగలి వద్ద, మధ్యాహ్నపు వసారాలో ఊర్మిళకు ఒక పాటే కట్టి పెట్టుకొన్నారు. అది మన సంపద. ఆ సంపదను మనం ఎట్లా చదువుతున్నామన్నదే ప్రశ్న.

ఊర్మిళ నిద్రను త్యాగంగా చెప్పేవారు, లక్ష్మణుని వంతు నిద్రను కూడ ఆమె తన మీద వేసుకొన్నదంటారు. ఆ కథనంలో ఆమె దుఃఖానికి చోటు లేదు. ఆమె నిద్ర సైతం భర్తకు ఉపయోగపడే వస్తువైపోయింది. పాటను పాటగా వింటే మరొకటి వినబడుతుంది. వెళ్లడానికి వీలు లేదు, ఉండడానికి మనసొప్పదు, ఏడ్వడానికి అత్తగారి ఇల్లు. అటువంటి పడుచు తలుపు మూసుకొని పడుకొంది. మంచం దిగకపోవడం, తిండి సహించకపోవడం, పలుకరిస్తే పలుకకపోవడం, వీటిని మన ఇండ్లలో ఇప్పటికీ బద్ధకమని, పొగరని, గాలి సోకిందని అంటారు. పాట ఆ మూడు మాటలలో ఒక్కటీ అనలేదు. నిద్ర అన్నది. నిందలేని పేరు పెట్టింది.

ఆమె మేలుకొనే ఘట్టం మరింత సూక్ష్మమైనది. లక్ష్మణుడు వచ్చి పడక చెంత కూర్చొని మెల్లగా పలుకరించాడు. ఆమె అతణ్ణి గుర్తుపట్టలేదు. ఎవడో పరపురుషుడని వణికింది. తండ్రి జనకుడు వింటే ఊరుకోడని, అక్కాబావలకు తెలిస్తే బ్రతకనీయరని బెదిరించింది. పరుల ఆలిని కోరి ఇంద్రుడు ఏమయ్యాడో, రావణుడు ఎట్లా నశించాడో చెప్పింది. ఇక్కడ పండితులు పెదవి విరుస్తారు. నిద్రలో ఉన్నదానికి రావణుని చావు ఎట్లా తెలిసిందని అడుగుతారు. ఇది పొరపాటని మేము అనుకోము. పడక దిగని మనిషికి ఇంటిలో జరిగే ప్రతి మాటా వినబడుతుందని ఆ పాట కట్టిన ఆమెకు తెలుసు. నిద్రపోతున్నదని ఆమె చెవినబడేటట్టు మాట్లాడుకొనేవారికే ఆ సంగతి తెలియదు.

ఇన్ని ఏండ్ల తరువాత భర్త ఎదుట నిలిస్తే ఆమెకు మొదట కలిగినది భయం. దుఃఖానికి కారణమైన ఎడబాటు తొలగినంత మాత్రాన దుఃఖం తొలగదని పాట తీర్పు. అతడు తన కులగోత్రాలు చెప్పుకోవాలి, బతిమాలాలి, ఆమె నమ్మేదాకా వేచి ఉండాలి. ఆ తరువాత కూడ పాటకు తొందరలేదు. పెద్దవారి పూనికతో స్నానం, అలంకరణ, విందు, ఆడబిడ్డ పరిహాసాలు సాగుతాయి. మనిషి మళ్లీ ఇంటిలోకి రావడానికి ఇంత తతంగం కావాలి.

ఓల్గా ‘విముక్త’ కథలో ఊర్మిళ నిద్రపోదు. తనతో ఒక మాటైనా చెప్పక వెళ్లిన భర్త మీది కోపంతో తలుపు మూసుకొని, ఆ ఏకాంతాన్నే సత్యాన్వేషణగా మార్చుకొంటుంది. సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ సంపుటిలో ఇది బలమైన కథ. అయినా ఈ ఒక్క విషయంలో మేము పాత పాట పక్షమే వహిస్తాము. ఒంటరితనాన్ని తపస్సుగా మార్చుకొనే శక్తి అందరికీ ఉండదు. చాలామందికి ఎవరో వచ్చి తలుపు తట్టాలి. పాటలో ఆ తట్టించినది సీత. కొలువులో అందరూ విజయోత్సవంలో ఉండగా, ఊర్మిళ సంగతి ఎత్తి, మరిదిని పంపమని రాముణ్ణి కోరినది ఆమె. చెరలో ఉండి వచ్చిన మనిషికి మాత్రమే మూసిన తలుపు జ్ఞాపకం వచ్చింది.

ఇప్పుడు మన ఊరి సంగతి. కువైట్‌లో భారతీయులు దాదాపు 10 లక్షలు. వారిలో తెలుగువారిది పెద్ద పాలు. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు మొదలుకొని కోనసీమ, నరసాపురం దాకా కువైట్ మాట తెలియని వీధి అరుదు. పాటలో లేని విశేషం ఒకటి మన చరిత్రలో ఉన్నది. ఇక్కడికి ఇంటిపని వీసా మీద వచ్చినవారిలో ఆడవారు ఎందరో. అంటే వనవాసానికి బయలుదేరినది ఊర్మిళ, అయోధ్యలో మిగిలినది లక్ష్మణుడు. ఆమెకు నిద్ర లేదు. పరాయి ఇంటిలో చివరి దీపం ఆర్పేదీ, మొదటి దీపం వెలిగించేదీ ఆమే. కువైట్ ప్రభుత్వం 2015లో 68వ సంఖ్య చట్టంతో ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక రోజు సెలవు నిర్ణయించింది. 2016లో కనీస వేతనం 60 దినార్లుగా ప్రకటించింది. చట్టం మంచిది. అది ఇంటి గడప లోపల ఎంతవరకు నడిచేది ఆ ఇంటి యజమానురాలి మీద ఆధారపడుతుంది. శుక్రవారం నాడు బయటికి రాగలిగిన ఆమెకు కనీసం తన మాట వినే నాలుగు ముఖాలు దొరుకుతాయి. రాలేని ఆమెకు చేతిలోని ఫోనే దిక్కు. ఆ ఫోనులో ఆమె బిడ్డలకు నవ్వే చూపిస్తుంది.

అటు ఊరిలో మిగిలిన భర్తకు పాటలో మాటలు లేవు. భార్య సంపాదన మీద ఉన్నాడన్న ఎగతాళి ఒకవైపు, పిల్లలకు జడ వేయడం రాని చేతులు ఒకవైపు. అతడు సారా దుకాణం వైపు నడిస్తే ఊరు తిడుతుంది. తిట్టడం న్యాయమే కావచ్చు. కాని అతనిని ఏడ్చే మనిషిగా ఎన్నడైనా చూశామా? పదేండ్లకు ఆమె తిరిగి వెళ్లినప్పుడు కన్నబిడ్డ ఎవరమ్మా నీవన్నట్టు చూస్తాడు. ఊర్మిళ లక్ష్మణుణ్ణి చూసిన చూపు అదే. ఇల్లు కట్టారు, అప్పు తీరింది, మనిషి వచ్చింది, అయినా పడక దిగడం లేదని బంధువులు విస్తుపోతారు. పాట విన్నవారైతే విస్తుపోనక్కరలేదు.

మన భాషలోనూ ఒక చిక్కు ఉన్నది. బెంగ అంటే ఎవరి మీదనో, దేని మీదనో ఉండాలి. దిగులుకు ఒక కారణం చెప్పాలి. కారణం చూపలేని బరువుకు, అన్నీ బాగున్నా ఉదయం లేవనీయని బరువుకు, వాడుకలో మాట లేదు. కుంగుబాటు అన్నది పత్రికల మాట. ఇంటి మాట కాలేదు. మాట లేనిచోట శరీరం మాట్లాడుతుంది. ఆడవారు తల దిమ్మనీ, గుండె దడ అనీ, నరాల బలహీనత అనీ చెబుతారు. మగవారు గ్యాస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఈ వ్యాధి పురుషులలో కన్న స్త్రీలలో సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ప్రాణం తీసుకొనేవారిలో మాత్రం పురుషులే ఎక్కువ. ఏడ్చిన వారి లెక్క అది, ఏడ్వలేని వారి లెక్క ఇది.

వార్ధక్యానికి వస్తే స్త్రీల పాటల కన్న వాల్మీకమే నిష్కర్షగా మాట్లాడింది. కొడుకు వెళ్లిన ఆరవ రాత్రి దశరథుడు, ఎన్నో ఏండ్లు లోపల దాచుకొన్న మునికుమారుని వధను కౌసల్యకు చెప్పాడు. జీవితకాలపు అపరాధం, చెప్పడానికి ఒకే ఒక్క రాత్రి. తెల్లవారకముందే పోయాడు. అంతకుముందు కౌసల్య అతణ్ణి నిష్ఠురంగా నిందించింది. వెంటనే, శోకం ధైర్యాన్నీ వివేకాన్నీ హరిస్తుందని తానే ఒప్పుకొని క్షమాపణ వేడింది. ఆమె కోపం కూడ దుఃఖమే అని గుర్తించిన కవి వాల్మీకి. ఇక సుమిత్ర. ఆమె కొడుకూ అడవికి పోయాడు. అయినా కౌసల్యను ఓదార్చినది ఆమె. ఆమెను ఓదార్చినవారెవరు? కావ్యంలో మాకు కనబడలేదు. ప్రతి సమాజంలో ఒక సుమిత్ర ఉంటుంది. వచ్చినవారికి వండిపెట్టి, ఏడ్చినవారి కన్నీరు తుడిచే నడివయసు పిన్నిగారు ఆమె. ఆమె ఎట్లా ఉన్నదని మనం అడగము, బాగానే ఉంటుందని అనుకొంటాము.

దశరథుని మాట మన మగవారికి మరీ దగ్గర. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించిన తరువాత, సుమారు లక్షా 70 వేలమంది భారతీయులు ప్రధానంగా అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశం చేరారు. ఆనాటి యువకులు ఇప్పుడు అరవై దాటారు. ఆ ఎడారి ప్రయాణాన్ని వారు సాహసగాథగా చెబుతారు; భయంగా చెప్పినవారు తక్కువ. 2021లో అరవై దాటిన పట్టా లేని విదేశీయుల పని అనుమతుల పునరుద్ధరణపై ఆంక్షలు వచ్చినప్పుడు, ఆ తరంలో ఎందరికో తిరుగు ప్రయాణం మీద పడింది. నలభై ఏండ్లు సంపాదించి పెట్టిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయితే, సింహాసనం పోయిన రాజుకూ అతనికీ తేడా ఏమున్నది? ఊరిలో మిగిలిన ముసలి తల్లిదండ్రుల స్థితి దీనికి మరో పార్శ్వం. డబ్బు ప్రతి నెలా చేరుతుంది, మనిషి చేరడు.

ఆధునిక నవలను ఇక్కడ ఒక్క మాటలో తడుముతాము. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’ మనసు లోతులు తవ్విన గొప్ప రచనలు. నాలుగింటిలోనూ తవ్విన మనసు మగవాడిదే. సీతారామారావుకూ, దయానిధికీ, సుబ్బయ్యకూ, రవికీ దక్కిన పుటలు వారి ఇంటి ఆడవారికి దక్కలేదు. చదువుకొన్న మగవాడి విషాదానికి నవల అండ దొరికితే, చదువులేని స్త్రీ విషాదానికి పాటే అండ అయింది. ఆ పాట ఇప్పుడు మన ఇండ్లలో వినబడడం లేదు. దాని బదులు ఏమి వచ్చిందో మాకు తోచలేదు.

చివరగా సుందరకాండ. ఎం.ఎస్. రామారావు గళం వినని తెలుగు ఇల్లు ఈ నగరంలో ఉండదేమో. ఫర్వానియాలోనో సాల్మియాలోనో ఎవరి ఇంటిలోనైనా పారాయణం జరిగితే కోరిక సిద్ధించాలని కూర్చుంటాము. అందులో పదమూడవ సర్గను ఎంత వేగంగా దాటిపోతామో గమనించాలి. సీత కనబడక, వెనుదిరిగే ముఖం లేక, హనుమంతుడు ప్రాణత్యాగం దాకా ఆలోచించిన సర్గ అది. బలానికి, బుద్ధికి పేరుపడిన హనుమంతుడు! కవి ఆ ఆలోచనను దాచలేదు, సిగ్గుపడలేదు. బ్రతికి ఉంటేనే మేలు కలుగుతుందని హనుమ తనకు తాను చెప్పుకొని, ఇంకా వెదకని చోటు ఒకటి ఉన్నదని అశోకవనం వైపు చూశాడు. భక్తి ఉన్నవారికి ఈ వ్యథ రాదని, వస్తే భక్తి చాలలేదని అనే పెద్దలు ఈ సర్గకు ఏమి సమాధానం చెబుతారో తెలియదు. జ్వరానికి మందు తీసుకొన్నంత సహజంగా సబాహ్ ప్రాంగణంలోని మానసిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లవలసినవారు, ఆ మాట విని ఇంటిలోనే ఉండిపోతారు.

అంతకన్న గొప్పది ముప్పదవ సర్గ. సీత కనబడింది. ఆమె సైతం ప్రాణాల మీద ఆశ వదులుకొన్న స్థితి. హనుమ వెంటనే చెట్టు దిగలేదు. ఏ భాషలో మాట్లాడాలని ఆలోచించాడు. పండితులవలె సంస్కృతం పలికితే రావణుడనుకొని భయపడుతుంది. కనుక సామాన్య మానవులు పలికే మాటలోనే పలకాలని నిశ్చయించాడు. కుంగిన మనిషిని చేరడానికి ఇంతకన్న మెలకువైన యోచన ఏ కావ్యంలోనూ మేము చదవలేదు. ఈ దేశపు వైద్యుని ముందు మన రాయచోటి చెల్లెలు అరబ్బీలో తన గుండె బరువు చెప్పలేదు. హిందీలో నొప్పి అని మాత్రం అనగలదు. నొప్పికి మాత్ర ఇచ్చి పంపుతారు. ఆమె వెంట వెళ్లి తెలుగును అటు, అరబ్బీని ఇటు దాటించే మనిషి మన సత్సంగంలో ఒకరిద్దరైనా దొరకరా? ఊరిలోని కుటుంబానికైతే, భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యలో తెలుగులోనే లభిస్తున్నది.

హనుమ ఆమెను ఏడ్వవద్దనలేదు, ధైర్యంగా ఉండమనలేదు. కొమ్మల చాటునుంచి, ఆమెకు తెలిసిన కథను, దశరథుని మొదలుకొని రాముని దాకా, మెల్లగా చెప్పాడు. సీత తల ఎత్తింది. కొమ్మ మీద కోతిని చూసి పాడుకల అనుకొని బెదిరింది. మరుక్షణం తానే తర్కించుకొంది. ఇది కల కాజాలదు, శోకంతో నలిగిన నాకు అసలు నిద్రే లేదు కదా అని.